ఆరింటి ప్రార్థన

పొద్దున్న ఆరింటికి భర్త ప్రార్థన అందుకునేసరికి స్టవ్ మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆమె మంట తగ్గించి, తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి అత్తగారి పక్కన చాప అంచున కూర్చుంది.

"మమ్మల్ని సజీవుల లెక్కలో ఉంచినందుకు స్తోత్రం తండ్రీ. వేళకి వేడి భోజనం ఇస్తున్నందుకు స్తోత్రం. ఉతికిన బట్టలు, శుభ్రమైన ఇల్లు ఇచ్చినందుకు స్తోత్రం."

భోజనం, బట్టలు, ఇల్లు. మూడూ నేరుగా ఆకాశం నుంచి ఊడిపడుతున్నట్టే చెబుతాడు మహానుభావుడు. ఆమెకు దేవుడి మీద ఏ ఫిర్యాదూ లేదు. పదకొండేళ్లుగా ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తోంది. ఎంతకీ దొరకని నరం వేలికి తగిలిన ప్రతిసారీ లోలోపల దేవుడికి దండం పెట్టుకునే మనిషి. ఆమెకు ఒళ్లు మండేదల్లా, ఆ వరసలో ఎక్కడా తన ఊసే లేనందుకు.

నిన్న పెద్ద డాక్టరమ్మ పిలిచి, ల్యాబ్ ఇన్‌చార్జిగా ఉండమంది. ఇవాళ పదింటిలోగా జవాబు చెప్పాలి. వచ్చే నెల నుంచి తొమ్మిదింటికి బదులు ఏడింటికే వెళ్లాలి. సంతోషం పట్టలేక, ఇంటికి వచ్చీరాగానే చెప్పేసింది. భర్త ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు. "ఉన్న ఉద్యోగానికేమొచ్చింది? దేవుడిచ్చినదానితో తృప్తి పడాలి. కృతజ్ఞత అంటే అదే. వద్దని చెప్పెయ్." అత్తగారు వంటింటి గుమ్మంలోంచి, "నువ్వు ఏడింటికే వెళ్లిపోతే ఇంట్లో పనెవరు చూస్తారమ్మా?" అంది. ఆ తర్వాత ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. వడ్డించింది ఆమే.

కృతజ్ఞత అంటే కూర్చోబెట్టిన చోటే కూర్చోవడమని వీళ్లకెవరు చెప్పారో. ఎవరైనా ప్రేమగా కొత్త బట్టలు పెడితే, బీరువాలో కుక్కేసి "చాలా సంతోషమండీ" అంటే పెట్టినవాళ్ల మనసు నొచ్చుకోదూ? వేసుకుని ఎదురుగా నిలబడాలి. ఆ మాట నిన్ననే అందామనుకుంది. అంటే వాదన, వాదనంటే అలక, అలకంటే మళ్లీ తనే బతిమాలాలి.

కానీ ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మామగారి కాలం నుంచీ వస్తున్నదే. ప్రార్థనలో స్తోత్రం చెప్పి, అందరూ ఆమెన్ అన్నాక ఇక ఆ సంగతి మీద చర్చ ఉండదు. భర్త బదిలీ అడిగి తెచ్చుకున్న సంగతి ఆమెకు అలాగే తెలిసింది. అత్తగారు ఇక ఇక్కడే ఉంటారన్న సంగతీ అంతే. ఆమె కళ్లు మూసుకుని ఉండగానే ఆమె జీవితంలో చాలా నిర్ణయాలు జరిగిపోయాయి.

భర్త ముగించాడు. ఇప్పుడు ఆమె వంతు. రోజూ అయితే "అన్నిటికీ స్తోత్రం" అని ఒక్క ముక్కలో తేల్చేసి వంటింట్లోకి పరిగెత్తేది. ఇవాళ ముందు లేచి వెళ్లి స్టవ్ కట్టేసి వచ్చింది. చాప అంచున కాక, మధ్యలో సర్దుకుని కూర్చుంది.

"తండ్రీ, నా చేతుల్లో ఇంత నేర్పు పెట్టినందుకు స్తోత్రం. దాన్ని గుర్తించి నన్ను ఇన్‌చార్జిని చేసినందుకు స్తోత్రం. ఒకటో తారీఖు నుంచి నేను ఏడింటికే వెళ్తున్నాను, అందుకు స్తోత్రం. ఇంటి పని అందరం పంచుకోబోతున్నాం, అందుకు మరీ మరీ స్తోత్రం."

దేవుడితో నిజం చెప్పేటప్పుడు భయమెందుకనిపించింది ఆమెకు.

అరవై ఏళ్ల అలవాటు అత్తగారిది. స్తోత్రం చెవిన పడ్డాక నోరు ఊరుకోలేదు. "ఆమెన్" అంది గట్టిగా. అనేశాక నాలుక కరుచుకుంది.

తల్లి అన్నాక కొడుకు అనక తప్పలేదు. గొణిగినట్టుగా ఆమెన్ అని, కళ్లు తెరిచి, "మరి పొద్దున్నే నా బాక్స్ ఎవరు కడతారు?" అన్నాడు.

"దేవుడు మీకూ రెండు చేతులిచ్చాడు కదండీ," అందామె లేస్తూ. "ఇన్నేళ్లలో వాటికి మీరొక్కసారి కూడా స్తోత్రం చెప్పలేదు."