గుర్రానికి ఉలవలు, నాకు మాత్ర

నెలలు నిండి పన్నెండు రోజులు దాటినా నాకు నొప్పులు రాలేదు. తప్పెవరిదో మా అత్త ఉప్పలమ్మ అప్పటికే తేల్చేసింది. సగం తప్పు మా జట్కా గుర్రానిది, సగం నేను మింగే మాత్రలది.

నా పెనిమిటి సైదులు సూర్యాపేటలో జట్కా తోలేవాడు. కడుపుతో ఉన్న మనిషి ఆడగుర్రం కట్టుతాడు దాటితే గుర్రంలాగే ఏడాది మోస్తుందని అత్త నమ్మకం. ఆ గుర్రాన్ని కట్టేసేది వాకిట్లోనే. తాడు దాటకుండా నేను ఎగిరి వెళ్లాలా?

మాత్రల సంగతి వేరు. రజాకార్ల రోజుల్లో, మిర్యాలగూడలో మా పుట్టింట నాకు మొదటి బిడ్డ ఏడో నెలలోనే చచ్చి పుట్టాడు. అప్పటికే నా ముఖం ఉబ్బింది, జుట్టు రాలింది, ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునేదాన్ని. అత్త నాకు ఒళ్లు వంగదంది. సూర్యాపేట దవాఖానలో డాక్టరమ్మ రంగనాయకమ్మ ఒక్కతే నా మెడ తడిమి, గొంతులోని గ్రంథి మందగించిందని చెప్పింది. బెజవాడ నుంచి కోదాడ మీదుగా బస్సులో తెప్పించిన తెల్ల మాత్రలు రోజూ పరగడుపున వేసుకుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. మళ్లీ కడుపు నిలిచింది. నిండు నెలల్లో అసలే మానొద్దనీ, పది రోజులు దాటితే వచ్చేయమనీ డాక్టరమ్మ చెప్పింది. నొప్పులు రాకుండా దవాఖాన ఎందుకని అత్త నన్ను గడప దాటనివ్వలేదు.

పదమూడో రోజు పొద్దున చూస్తే మాత్రల సీసా ఖాళీగా ఉంది. వాకిట్లో అత్త చేట పట్టుకుని నిలబడింది. పక్కింటి నాంచారమ్మ కూడా చేరింది.

"కొంగు పట్టు పిల్లా. నీ కొంగుల ఉలవలు గుర్రం తింటే దోషం పోతది," అంది అత్త.

పట్టాను. గుర్రానికి ఉలవలు పెడితే నా సొమ్మేం పోయింది? కానీ అత్త పోసిన ఉలవల మధ్య తెల్లగా నా మాత్రలు కనిపించాయి.

"ఇవి గిందులకెట్ల వచ్చినయి అత్తా?"

"నేనే కలిపిన. వాటితోటే కడుపు సల్లబడి నొప్పులు వస్తలేవు. అవి గూడ గుర్రమే తిననీ."

నాకు ఒళ్లు మండిపోయింది. గుర్రం అప్పటికే మూతి చాచింది. మోచేత్తో దాన్ని నెట్టి, అరుగు మీద కూర్చుని మాత్రలు ఒక్కొక్కటే ఏరాను. ఒకటి అందరి ముందే నీళ్లతో మింగి, మిగతావి సీసాలో వేసుకున్నాను. ఉలవలు గుర్రం ముందు పోశాను.

"గుర్రానికి ఉలవలు, నాకు మాత్ర. ఎవరివి వాళ్లకే," అన్నాను.

"పెద్దదాని మాటకు ఎదురొస్తున్నవా?"

"వస్తున్న. మొదటిసారి గీ వాపులు కడుపుతోటి మామూలే అన్నరు. విన్న. బిడ్డను మట్టిల పెట్టొచ్చిన."

నాంచారమ్మ ముక్కున వేలేసుకుంది. సైదులు ఊరందరి మీదా పులి, తల్లి ముందు పిల్లి. ఇద్దరి ముఖాలూ చూస్తూ నిలబడ్డాడు.

"బండి కడతవా, నేనే కట్టుకోవాల్నా?" అని అడిగి కళ్లెం అందుకున్నాను. ఆయన నా చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు.

దవాఖానలో డాక్టరమ్మ నా పొట్ట మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. అత్తను ఎదిరించినప్పుడు లేని భయమంతా అప్పుడు పట్టుకుంది.

"గుండె బాగానే కొట్టుకుంటోంది. ఇక నిన్ను ఇంటికి పంపను," అందామె. నొప్పులు రావడానికి ఆముదం తాగించింది. మర్నాడు మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. దాని ఏడుపు విని నేనూ ఏడ్చాను.

సాయంత్రం అత్త వచ్చింది. గుర్రం ఉలవలు తిన్నందుకే కాన్పయిందని పక్క మంచాల వాళ్లందరికీ చెప్పింది. చెప్పుకోనీ అనుకున్నాను. తర్వాత మనవరాలిని ముద్దాడి, నా తలగడ పక్కనున్న సీసా తీసుకుంది.

"కాన్పయింది గద. ఇగ ఇవెందుకు, పారేస్త."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"బిడ్డ బతికింది. నేను బతకొద్దా అత్తా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. సీసా నా చేతిలో పెట్టింది.