మూడు ఇంటి నంబర్లు

కొత్తకుంట మున్సిపాలిటీ కౌన్సిల్ సమావేశం చూడడానికి పనిగట్టుకుని వెళ్లే మనిషి ఊరు మొత్తంలో ఒక్కతే, హైమావతి. నోటీసు బోర్డు మీద ఎజెండా పెట్టగానే ఫోన్‌లో ఫొటో తీసుకుంటుంది. సమావేశం రోజున వెనక బెంచీలో కూర్చుని ఎవరు మాట్లాడారో, ఎవరు కునుకు తీశారో నోటుపుస్తకంలో రాసుకుంటుంది. భానూరు ఫ్యాక్టరీలో చేసి రిటైరైన ఆమె భర్త కామరాజు, "మా ఆవిడా కౌన్సిలరేనండీ, ఓటు లేదు, టీ ఇవ్వరు, అంతే తేడా" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతాడు. భీమవరం వైపు నుంచి వచ్చి ఈ కాలనీలో స్థిరపడి వాళ్లకు ముప్పై ఏళ్లు. ఏ నంబరు ఇంట్లో ఎవరుంటారో పోస్టుమాన్ అయినా ఆమెనే అడగాలి. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు కాస్త గర్వం కూడాను.

ఎజెండాలో చివరి అంశం ఎప్పుడూ ఒకటే. 'నివాసం లేని ఇళ్ల నల్లా కనెక్షన్ల తొలగింపు.' దాని కింద నీటి కుళాయి తీసెయ్యాల్సిన మూడు ఇంటి నంబర్లు. అధ్యక్షుడు చదవడు, సభ్యులు వినరు. బల్లలు చరిచి భోజనాలకు లేస్తారు. మార్చిలో ఆ మూడింట్లో కమలాకుమారి టీచరు ఇల్లు ఉంది. నలుగురు మసలుతున్న ఇంటిని ఖాళీ అని రాసిన తెలివికి హైమావతి నవ్వుకుంది. ఆ తప్పు పట్టుకుని అందరి ముందూ కడిగెయ్యాలని సమావేశం దాకా ఆగింది. తీరా ఆ రోజు పొద్దున చూస్తే టీచరు ఇంటికి తాళం. ఎక్కడికి వెళ్లారో ఎవరికీ చెప్పలేదు. దండెం మీద బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి.

ఏప్రిల్‌లో బీరమ్మ ఇంటి నంబరు వచ్చింది. కాలనీ పుట్టకముందు, చుట్టూ జొన్నచేలున్న రోజుల నుంచీ బీరమ్మ అక్కడే ఉంటోంది. ఈసారి హైమావతి ఆగలేదు, వెళ్లి చెప్పేసింది. ముసలమ్మ గోంగూర తెంపుతూ పకపకా నవ్వింది.

"నేను లేనని రాసిన్రా? రానియ్యి బిడ్డా, నా నల్లా ఎట్ల కోస్తరో సూస్త."

సమావేశం నాడు తెల్లవారేసరికి ఆమె లేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. పెద్ద వయసు, ఎవరూ ఆశ్చర్యపోలేదు. హైమావతి మాత్రం ఆ రోజు నోటుపుస్తకం తెరవలేదు.

మే నెల ఎజెండాలో మొదటి నంబరు 6-42. అది తన ఇల్లే.

ఇంటికొచ్చేసరికి కామరాజు పడక్కుర్చీలో కూర్చుని దగ్గుతున్నాడు. ఫ్యాక్టరీల వాసన బరువుగా దిగిన రోజుల్లో ఆయనకా దగ్గు మామూలే. అయినా ఆ పూట అది వినగానే ఆమెకు బీరమ్మ గుర్తొచ్చింది. ఆయన లేకుండా ఈ ఇంట్లో తాను ఒక్క రోజు కూడా ఉండలేదు. ఆయనకు ఏమీ చెప్పకుండా కషాయం పెట్టి ఇచ్చింది.

మర్నాడు ఆఫీసు తెరవగానే క్లర్కు నర్సన్న బల్ల ముందు నిలబడింది. ఎజెండా టైపు చేసేది ఆయనే.

"నర్సన్న గారూ, 6-42లో మేం నిక్షేపంగా ఉన్నాం. ఖాళీ అని ఎవరు రాసిచ్చారండీ?"

నర్సన్న తలెత్తలేదు. సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. నీలి సిరాతో గుండ్రటి అంకెలు. సంతకం లేదు.

"ఎవలు రాస్తరో నాకు ఎర్కలేదమ్మా. నెలకోసారి పొద్దుగాల తాళం తీస్తే నా ట్రేల ఉంటది. నాకు ముందున్నాయన గూడ గిట్లనే టైపు కొట్టిండట. ఒక్కసారి నేను పక్కకు పెట్టిన. మర్నాడు ఇంకో కాగితం వచ్చింది, దాంట్ల మా ఇంటి నంబర్ ఉండె." సొరుగు మూసి, "మా నాయిన పోయిండు. ఇప్పుడు కిరాయి ఇంట్ల ఉంటున్న" అన్నాడు.

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"తప్పు పడితే సవరణ చేసుకోవచ్చు. ఈ ముచ్చట నాకప్పుడు తెల్వది. కాకుంటే మూడు నంబర్లు ఉండాలె. ఒకటి కొట్టేస్తే ఇంకోటి రాయాలె. మీ చేత్తోనే రాయున్రి." పెన్ను ఆమె వైపు జరిపాడు.

హైమావతి చెడ్డ మనిషి కాదు. కాలనీ అంతా మనసులో ఒకసారి తిరిగింది. 6-51 గుర్తొచ్చింది. ఇంటాయన జోగిపేటలో ఉంటాడు, ఏడాదిన్నరగా తాళమే, వాకిట్లో పిచ్చిమొక్కలు నడుమెత్తున పెరిగాయి. నిజంగానే ఖాళీ ఇల్లు, ఎవరికీ నష్టం లేదు. 6-42 కొట్టేసి 6-51 రాసింది. మిగతా రెండు నంబర్లు ఎవరివో ఆలోచించనైనా లేదు. రాసి చూసుకుంటే తన అంకెలకూ పాత అంకెలకూ రవ్వంత తేడా లేదు. పెన్ను అక్కడే పడేసి బయటికొచ్చేసింది.

సమావేశం రోజు ఇంకా చీకటుండగానే కామరాజు లేచి, దగ్గు తగ్గిందన్నాడు. హైమావతి తెల్లవారుజామునే ఆటో ఎక్కి ఆఫీసుకు చేరి, తలుపులు తీయకముందే అక్కడ కూర్చుంది. చివరి అంశానికి సభ్యులు ఎప్పట్లాగే బల్లలు చరిచారు. ఆమె ఊపిరి పీల్చుకుంది. తిరిగి వస్తూ కామరాజుకు ఇష్టమని వేడి జిలేబీ కట్టించుకుంది.

కాలనీ మలుపు తిరగగానే 6-51 ముందు ట్రాలీ ఆటో కనిపించింది. పిచ్చిమొక్కలు పీకేశారు. గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. లోపల ఒక కుర్రాడు బీరువా జరుపుతున్నాడు. గేటు కడుగుతున్న అమ్మాయి ఆమెను చూసి నవ్వింది.

"నమస్తే ఆంటీ. నా పేరు మహిత. మా ఆయన శ్రావణ్‌కుమార్‌కు సుల్తాన్‌పూర్‌ల నౌకరి దొరికింది. ఇయాల పొద్దుగాలనే పాలు పొంగిచ్చినం. ఈడ నల్లా ఎప్పుడొస్తది?"

హైమావతి గేటు దగ్గరికి వెళ్లింది. ఆ పిల్ల మెడలో పసుపుతాడు ఇంకా కొత్తది.

"ఈ ఇంట్లో ఉండొద్దమ్మా. ఆటో ఉండగానే సామాను ఎక్కించుకుని వెళ్లిపోండి. ఈ పూట మా ఇంటికైనా వచ్చెయ్యండి."

మహిత నవ్వు ఆగిపోయింది. భర్తను కేకేసింది. ఆయన చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"గట్లంటరేంది ఆంటీ? ఏమైంది?"

"ఈ ఇంట్లో మనుషులు లేరని మున్సిపాలిటీలో రాసేశారు. ఇందాకే పాసైపోయింది."

"మేమున్నం గద. లేమని ఎవరు రాసిన్రు?" అంది మహిత.

ఇద్దరూ జవాబు కోసం ఆమె ముఖంలోకే చూస్తున్నారు. చెప్పడానికి ఆమెకు ఇంకో పేరు లేదు.

"నేనమ్మా, నేనే రాశాను" అంది హైమావతి.