మెట్ల కింది గది

మోటారు వేసి డాబా ఎక్కిన ఈరన్న, ట్యాంకులో నీళ్ళు చూస్తున్నాడన్న మాటే గానీ చెవి మాత్రం కిందే ఉంది. మెట్ల కింది గదిలో పడుకున్న తల్లి నాగలక్ష్మమ్మకు కేకవేసే ఓపిక పోయి నెలయింది. పని పడితే స్టీలు పళ్ళెం మీద చెంచాతో కొడుతుంది. అది మోగితే ఈరన్నకు కంగారు. మోగకపోతే ఇంకా కంగారు.

కర్నూలులో నాలుగు పోర్షన్ల ఆ ఇంటికి కాపలా కాసేదీ, పంపులు బాగుచేయించేదీ, అద్దెకొచ్చేవాళ్ళకు చూపించేదీ అతనే. ఆ గదే జీతంలో సగం. సన్నటి మనిషి, కొంచెం ముందుకు వంగి నడుస్తాడు. గదిలో నిటారుగా నిలబడితే మెట్టు నెత్తికి తగులుతుంది మరి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళు, ఇల్లు అద్దెకిచ్చి చూడు అనడం మరిచిపోయారు. ఆ మూడోది ఈరన్న పన్నెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు.

ఇవాళ యజమాని గోపీనాథ్ ఇల్లు కొనే మనిషిని తీసుకొస్తున్నాడు. బేరం కుదిరితే ఈరన్ననే పనిలో ఉంచుకోమని చెబుతానన్నాడు. కుదరాలి. యాభై దాటినవాడికి కొత్తగా పనీ గదీ ఎవరిస్తారు?

కిందికి దిగి గంజి తాగించబోతే ముసలామె మూడో చెంచాకే పెదవులు బిగించింది. పాదాలు చల్లగా ఉన్నాయి.

"ఇంగొంచెం తాగు మా."

"నన్ను ఊరికి తీసకపో ఈరన్నా."

అతని చేయి ఆగింది. కోయిలకుంట్ల దగ్గర ఊళ్ళో తమ్ముడున్నాడు. కోడలి మాట పడలేక, చచ్చినా ఈ గడప తొక్కనని నాలుగేళ్ళ కిందట మూట కట్టుకొని వచ్చేసిన మనిషి ఈమె.

"వాని ఇంటికా? ఎందుకు మా, ఈడ బాగలేదా?"

"అద్దెకొచ్చేటోళ్ళకు నువ్వు చెప్పేది నాకు ఇనపడదా? గోడకు మేకులు కొట్టగాకండి, పెద్దోళ్ళకు శానా జబ్బయితే ముందే సొంతూరికి తీసకపోండి అని."

నిజమే. చెడ్డ నక్షత్రంలో ఎవరైనా పోతే ఇల్లు నెలల తరబడి మూతపడుతుందని, ఆ షరతు పెట్టమని గోపీనాథ్‌కు సలహా ఇచ్చింది కూడా ఈరన్నే. అప్పుడది తెలివైన మాటగా తోచింది. ఇప్పుడది కన్నతల్లికే తగిలింది.

"నీకేం కాదులే మా," అని పళ్ళెం ఆమె చేతికందేలా పెట్టి బయటికి వచ్చాడు.

ఎండెక్కాక కారు వచ్చింది. కొనడానికి వచ్చిన అరుణ్ కుమార్ విత్తనాల వ్యాపారి. దుడ్లు బ్యాంకులో పెట్టేకంటే ఇల్లు కొని అద్దెకివ్వడం మేలని అతనికెవరో చెప్పారట. కొత్త రంగులు చూసి తల ఊపుతుంటే ఈరన్నకు ఉండబట్టలేదు.

"రంగు కాదు సార్, బాత్రూం ఎనక గోడ సూడండి. చెమ్మ యాడుంటే ఖర్చు ఆడుంటాది. బోరు సంగతి మమ్మల్ని అడగొద్దు, కాపురముండేటోళ్ళను అడగండి."

గోపీనాథ్ గుర్రుగా చూశాడు. అరుణ్ కుమార్ మాత్రం నవ్వి గోడ తడిమాడు. పొడిగానే ఉంది. ఒక్కో పోర్షన్ తలుపు తట్టి చూపిస్తూనే ఈరన్న, ఏదో మరిచినవాడిలా మాటిమాటికీ మెట్ల దాకా వెళ్ళి వస్తున్నాడు.

"ఒక మాటప్పా," అన్నాడు అరుణ్ కుమార్ చివరికి. "మా ఇంట్లో ఆడోళ్ళకు పట్టింపు. ఈ ఇంట్లో ఎవరన్నా పోయినారా?"

"లేదు సార్."

సరిగ్గా అప్పుడే మెట్ల కింద పళ్ళెం మోగింది. ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకొకటి.

"ఏమది?"

"మా అమ్మ సార్. ఊరికి పోవల్లంటాది. మధ్యాన్నం తీసకపోతాండా."

అలా అనేస్తానని అతనికే తెలియదు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే గోపీనాథ్ ఫోను తీసి వ్యాను పిలుస్తున్నాడు. అంత చొరవ పన్నెండేళ్ళలో ఎప్పుడూ చూపలేదు.

వ్యానులో తల్లి తల ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు.

"మోటారు ఆపినావా?" అని అడిగింది.

"ఆపినా మా."

ఆఖరి మాట అదే. ఓర్వకల్లు రాళ్ళగుట్టలు దాటాక ఆమె చేయి అతని చొక్కా మీది నుంచి జారింది. డ్రైవరు అద్దంలో చూసి, "ఆపల్లనా అన్నా?" అన్నాడు. వెనక్కి తిప్పమందామనుకున్నాడు ఈరన్న. తిప్పి ఏ ఇంటికి పోవాలి?

"వద్దు. పోనీ."

బయట పోయిన మనిషిని లోపలికి తేకూడదన్నారు ఊళ్ళో. తమ్ముడి ఇంటి ముందు అరుగు మీద పడుకోబెట్టారు. చచ్చినా గడప తొక్కనన్న ఆమె పంతమే నెగ్గింది.

పొద్దు గుంకుతుండగా గోపీనాథ్ ఫోను చేశాడు.

"డ్రైవరు చెప్పినాడు ఈరన్నా. యాడ పోయింది? మన ఇంట్లో కాదు కద?"

"కాదు సార్. దోవలో."

"సరే, సరే." అవతలి గొంతు తేలికపడింది. "పాపం, మంచి మనిషి," అన్నది తరువాత గుర్తొచ్చింది. బయానా ముట్టిందని, గదీ పనీ నీకేనని కూడా చెప్పాడు.

పొద్దున్నుంచీ రాని ఏడుపు ఈరన్నకు అప్పుడు తన్నుకొచ్చింది. తల్లి పోయినందుకే కాదు, ఆ మాట వినగానే తన గుండె కూడా తేలికపడినందుకు. ఎవరో వచ్చి భుజం పట్టుకున్నారు. హడావుడిలో ఆమె వస్తువు ఒక్కటీ వెంట తేలేదని అతనికి అప్పుడు తట్టింది.

కర్నూలులో, తాళం వేసిన మెట్ల కింది గదిలో, ఖాళీ పరుపు పక్కన చేతికందేంత దూరంలో, గంజి అట్టగట్టిన స్టీలు పళ్ళెం, దాని అంచున చెంచా.