మధ్య తలుపుపై న్యాయాభిప్రాయం

ఏం చేసే అధికారం తనకు ఉందో, ఏం చేయక తప్పని బాధ్యత ఉందో తెలుసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒక న్యాయ సలహా కార్యాలయాన్ని పెట్టుకుంది. ఏ శాఖకు అనుమానం వచ్చినా ఫైలు కట్టి అక్కడికి పంపుతుంది. అభిప్రాయం వచ్చేదాకా ఎక్కడిదక్కడే ఉండాలి, ఎవరూ వేలు పెట్టకూడదు. మెట్ల దగ్గరి దీపం పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. దాన్ని ఆర్పే అధికారం విద్యుత్ శాఖదా, భవనాల శాఖదా అని ఒకాయన అడిగాడు మరి. అడిగినాయన రిటైరయ్యాడు. దీపం మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

ఆ కార్యాలయంలో అందరికంటే చిన్న లాయరుకు ఈమధ్యే పెళ్లయింది. అందరూ ఆమెను పెళ్లికూతురనే పిలిచేవారు. పొద్దున్నే గ్లాసులో రెండు బ్రష్షులు పక్కపక్కన కనబడితే ఆమెకు నవ్వొచ్చేది. భర్త చొక్కాకు గుండీ కుట్టి దారం పంటితో తెంపుతూ, లోకంలో ఇంతకంటే గొప్ప పని లేదనుకునేది.

ఆ భర్త రోడ్ల శాఖలో ఇంజినీరు. అదే భవనం, అదే అంతస్తు. రెండు కార్యాలయాలకూ మధ్య ఒక తలుపు ఉంది. ఆ తలుపుకు తాళం ఉంది. తాళం పక్కనే, గోడకు కొట్టిన మేకుకు, దాని చెవి వేలాడుతూ ఉంది.

ఆయన మధ్యాహ్నం భోజనానికి రావాలంటే మెట్లు దిగి, ఆవరణ చుట్టి, రెండో గేటు దగ్గర కాపలా మనిషికి గుర్తింపు కార్డు చూపించి, మళ్లీ మెట్లెక్కాలి. చెమట తుడుచుకుని డబ్బా మూత తీసేసరికి విరామం కాస్తా అయిపోయేది. సాయంత్రం రోడ్ల తనిఖీకి పోయాడంటే ఎప్పుడొస్తాడో ఆ రోడ్లకే తెలియాలి. వాళ్లిద్దరూ తీరిగ్గా ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి మిగిలింది ఆ మధ్యాహ్నమే, అదేమో మెట్ల మీదే కరిగిపోతోంది.

“తాళంచెవి అక్కడే వేలాడుతోంది కదండీ, తీసేస్తే పోలా?” అందామె ఒకరోజు.

“చెవి అందరికీ కనబడుతూనే ఉంది. తీసే అధికారం ఎవరిదో కనబడట్లేదు,” అన్నాడాయన నోట్లో ముద్దతో.

అన్నాడే గానీ ఊరుకోలేదు. తలుపు తెరిపించమని తన పై అధికారికి అర్జీ పెట్టాడు. ఆ పెద్ద ఇంజినీరు అర్జీని అటూ ఇటూ తిప్పి చూశాడు. రోడ్లంటే వేయగలడు, తవ్వగలడు. తలుపు ఆయన చదువులో లేదు. వెంటనే న్యాయాభిప్రాయం కోరాడు. ఆ ఫైలు తిరిగి తిరిగి వచ్చి పెళ్లికూతురి బల్ల మీదే పడింది.

ఆమె దాన్ని పట్టుకుని ప్రధాన న్యాయ సలహాదారు దగ్గరికి వెళ్లింది. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు.

“ఆ తలుపు అవతల మా ఆయన ఉంటారండీ. ఈ ఫైలు నేను చూడకూడదేమో.”

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “అవతల ఉన్న భర్త వల్ల నీకు ప్రయోజనం ఏముందమ్మా? ఇవతల ఉంటే ఆలోచించాల్సిందే. రాసెయ్.”

ఆమె రాసేసింది. తలుపు తెరిచే అధికారం ప్రభుత్వానికి ఉంది, ఉద్యోగుల దారి తెరిచి ఉంచడం దాని బాధ్యత కూడా, తాళంచెవి మేకుకు ఉంది. అంతే.

ఆ కాగితం సీనియరు లాయరు చేతికి వెళ్లింది. ఆయనకు ‘అయినప్పటికీ గారు’ అని పేరు. ఆయన అభిప్రాయంలో మొదటి సగం ఔనంటుంది. మధ్యలో ‘అయినప్పటికీ’ వస్తుంది. రెండో సగం కాదంటుంది. అడిగిన శాఖ తనకు కావలసిన సగం చదువుకుంటుంది.

“ఇదేంటమ్మా, ఇలా అర్థమైపోతోంది?” అన్నాడాయన బెంగగా.

“అర్థం కాకూడదాండీ?”

“అర్థమైతే మళ్లీ అడగరు. మళ్లీ అడక్కపోతే మనమెందుకు, ఈ ఫ్యాన్లెందుకు?”

ఆయన కూర్చుని అంతా తిరగరాశాడు. తెరిచే అధికారం ప్రభుత్వానికి కలదు. అయినప్పటికీ, కలదు గనుక తెరిచి తీరవలెనన్న బాధ్యత లేదు. అదీగాక, ఈ తలుపును మూయమని ఏ ఉత్తర్వూ వెలువడినట్లు కనిపించదు. ఉత్తర్వు లేనిదే మూసిన తలుపు చట్టం దృష్టిలో మూసినట్లు కాదు. కావున ఇది తెరిచియే ఉన్నదని భావించవలెను.

పెద్దాయన మురిసిపోయి సంతకం పెట్టాడు.

పెద్ద ఇంజినీరు అంతకంటే మురిసిపోయాడు. తలుపు తెరిచే ఉంది కనుక ఇకపై విరామంలో ఆవరణ చుట్టి తిరిగేవాళ్లంతా ఊరికే షికార్లు కొడుతున్నట్టేనని, వాళ్లను గేటు దగ్గర ఆపేయాలని హుకుం జారీ చేశాడు. ఆ మధ్యాహ్నమే భర్తను కాపలా మనిషి వెనక్కి పంపేశాడు.

ఫోను మోగింది. “చుట్టూ తిరిగి రావద్దట. మీ ఆఫీసు రాసిన తలుపులోంచే రమ్మంటున్నారు.”

“నేను రాయలేదు! నేను రాసింది కొట్టేశారు.”

“చట్టం దృష్టిలో ఇప్పుడు నేను నీ పక్కనే కూర్చుని తింటున్నానోయ్. కూర బాగుందా?”

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. డబ్బా పట్టుకుని మధ్య తలుపు దగ్గరికి వెళ్లి నేల మీద చతికిలబడింది. అవతల ఆయనా తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. కింది సందులోంచి ఆయన చెయ్యి, కొత్త ఉంగరమున్న వేలు కాస్త కనబడింది. ఆ మాత్రానికే ఆమెకు ముద్దొచ్చింది. మరుక్షణం కోపమొచ్చింది. ఇలాగే గడిచిపోతుందా ఇక ప్రతి మధ్యాహ్నం?

అప్పుడే భవనం వడ్రంగి నూనె డబ్బాతో వచ్చాడు. వరుసగా అన్ని తలుపుల మడతబందులకూ నూనె వేసుకుంటూ వచ్చి, దీన్ని దాటుకుని పోబోయాడు.

“బాబాయ్, దీన్నొదిలేశావేం?”

“మూసున్నవాటి జోలికి నేను పోనమ్మా. తెరిచున్న తలుపులకే నూనె వెయ్యమన్నారు.”

ఆమె ఒక్క గంతున లేచి, లోపలికి పరిగెత్తి, అభిప్రాయం తెచ్చి చివరి వాక్యం గట్టిగా చదివి వినిపించింది.

“సంతకం పెద్దాయనదేనా?”

“ఆయనదే.”

“అయితే ఇది తెరిచుందన్నమాట.”

“చట్టం దృష్టిలో.”

“నా చూపు కాస్త మందంలే,” అంటూ వడ్రంగి మేకు మీది చెవి తీశాడు. తాళం మూలిగింది. తలుపు ఇవతలికి లాగేసరికి దాన్ని ఆనుకుని కూర్చున్న ఇంజినీరు చెంచాతో సహా న్యాయ సలహా కార్యాలయంలోకి వెల్లకిలా పడ్డాడు.

“అన్నం తిన్నావా?” అన్నాడు కింద నుంచే పెళ్లాన్ని చూసి.

గోల గోలయింది. ఇటు నుంచి అయినప్పటికీ గారు, అటు నుంచి పెద్ద ఇంజినీరు పరిగెత్తుకొచ్చారు. ఇద్దరూ గడపకు చెరోవైపు ఆగిపోయారు.

“ఎవరు తెరిచారు?” అన్నాడు పెద్ద ఇంజినీరు.

“తెరిచున్నదాన్ని ఎవరు తెరుస్తారండీ, నూనె వేశానంతే,” అన్నాడు వడ్రంగి.

“ముందు మూసేయండి, తర్వాత చూద్దాం!”

అయినప్పటికీ గారు తలుపు మీద చెయ్యి వేశాడు. పెళ్లికూతురు ఒక అడుగు ముందుకొచ్చింది.

“మూయొచ్చాండీ?” అంది మెల్లగా. “వాళ్లు తెరిచే అధికారం గురించే అడిగారు. మూసే అధికారం గురించి ఎవరూ అడగలేదు కదా?”

ఆయన చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. కళ్లు మెరిశాయి. “తెరిచే అధికారంలో మూసే అధికారం ఇమిడి ఉందా? ఉందనే అనుకోవచ్చు. అయినప్పటికీ...” అని, నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పటికి పెద్దాయనా వచ్చాడు. ప్రశ్న విన్నాడు. అలాంటి ప్రశ్న విని చాలాకాలమైనట్టుంది, మొహం విప్పారింది. “ఫైలు కట్టండి. అభిప్రాయం వచ్చేదాకా ఎక్కడిదక్కడే. ఆ తలుపును ఎవరూ ముట్టుకోవద్దు.”

“ఎన్నాళ్లు పడుతుందండీ?” అన్నాడు పెద్ద ఇంజినీరు దిగులుగా.

పెద్దాయన మెట్ల దగ్గరి దీపం వైపు ఒకసారి చూశాడు. “తొందరపడే విషయం కాదు లెండి.”

ఫైలు మళ్లీ పెళ్లికూతురి బల్ల మీదికే వచ్చింది. చలికాలం వెళ్లింది, ఎండలూ వచ్చాయి. అయినప్పటికీ గారు, పెద్ద ఇంజినీరు ఇప్పుడు రోజూ ఆ తలుపు మీదుగానే వెళ్లి కలిసి టీ తాగుతున్నారు. వెళ్తూ వెళ్తూ అయినప్పటికీ గారు ఆమె బల్ల దగ్గర ఒక క్షణం ఆగుతాడు.

“ఎంతవరకొచ్చిందమ్మా?”

“ముందు తలుపంటే ఏమిటో నిర్వచిస్తున్నానండీ. రెక్కల దాకా వచ్చాను. గడప ఇంకా మిగిలే ఉంది.”

“గడప కష్టమే,” అంటాడాయన తల ఊపి. “బాగా లోతుకెళ్లు.”

అవతలి నుంచి తెలిసిన అడుగుల చప్పుడు వినబడుతుంది. ఆమె ఫైలు పక్కకు జరిపి, బల్ల తుడిచి, డబ్బా మూత తీస్తుంది.