అహరోను పెట్టిన చుక్క

చెన్నూరులో ఆటో నడిపే అహరోను ఓ సోమవారం పొద్దున చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు. ఎవరి మీదా కోపం లేదు. తెల్లారకముందే గులాబీలు, పావురాలు, పొగలు కక్కే టీ కప్పులతో శుభోదయాలు వచ్చిపడి ఫోను మొరాయించేది. నా ఫోను, నా ఇష్టం అనుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా అతను వేరే చర్చిలో చేరాడని ఊరంతా పాకింది. సాయంత్రానికి పాస్టరుగారితో కొట్లాడాడని కూడా తేలింది. ఆ మాట విని అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది పాస్టరుగారే.

మర్నాడు తెల్లవారుతుండగా చిన్నమ్మ ప్రేమమ్మ తలుపు తట్టింది. గ్రూపులో లేడు కనుక తనే ఫోను పట్టుకొచ్చి, ఆ పొద్దు వచ్చిన పూలన్నీ ఒక్కొక్కటే చూపించింది. ఆమె వెళ్లీ వెళ్లకముందే పక్కవీధి వెస్లీ గుమ్మంలో నిలబడి ఆనాటి వాక్యం గట్టిగా చదివాడు. ఆ మర్నాడు గడియ పెట్టుకుంటే కిటికీలోంచి చదివాడు. వచ్చినవాళ్లందరికీ చాయ్ పెట్టలేక అహరోను భార్య రెబెకా చక్కెర డబ్బా దాచేసింది.

చివరికి అహరోను ప్రేమమ్మను కూర్చోబెట్టి చెప్పాడు.

“చిన్నమ్మా, నేను దేవుణ్ణి ఇడిసిపెట్టలే, మిమ్ముల ఇడిసిపెట్టలే. గా గ్రూపునే ఇడిసిపెట్టిన. జర నన్ను నా తీరుగ ఉండనియ్యుండ్రి.”

“ఉండు కొడుకా, ఎవలొద్దన్నరు? గని పొద్దుగాల నీ పేరు కనబడకపోతే నువ్వు మంచిగ లేసినవో లేదో నాకెట్ల తెల్వాలె?”

ఇద్దరూ చాలాసేపు బేరమాడుకున్నారు. అహరోను మళ్లీ చేరతాడు. పూలు పంపడు, ఎవరి పూలకూ జవాబివ్వడు. లేవగానే గ్రూపులో ఒక్క చుక్క మాత్రం పెడతాడు. చుక్క వచ్చిందంటే బాగున్నట్టు.

ఈ ఏర్పాటు వెస్లీకి తెగ నచ్చింది. తనూ చుక్కే పెట్టాడు. కొన్నాళ్లకు గ్రూపంతా చుక్కలే. పూలు పంపేది ప్రేమమ్మ ఒక్కతే.

ఓ పొద్దున అహరోను వేలు జారి రెండు చుక్కలు పడ్డాయి. అది చూసుకోకుండా పెరట్లోకి పోయాడు. నోట్లో బ్రష్షుతో తిరిగొచ్చేసరికి సగం సంఘం వాకిట్లో ఉంది. పాస్టరుగారు లుంగీ మీదే వచ్చేశారు. ఆసుపత్రికి పోదామని వెస్లీ అహరోను ఆటోనే స్టార్ట్ చేసి పెట్టాడు. ప్రేమమ్మ గిన్నెడు జావ తెచ్చింది.

రెండో చుక్కకు అర్థమేమిటని అందరూ అడిగారు. వేలు జారిందంటే ఒక్కరూ నమ్మలేదు. ముందు జావ తాగి తర్వాత మాట్లాడమన్నారు. అహరోనుకు మొదట కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. కాస్త ఉప్పు తక్కువైందని చెప్పి గిన్నె మొత్తం ఖాళీ చేశాడు.