స్వెట్టర్‌లో చిటపట

గాలిలో తడి బొత్తిగా ఇంకిపోయిన చలికాలం అది. పొద్దున్నే ఆమె స్వెట్టర్ తొడుక్కుంటే చిటపటమని చప్పుడయ్యేది, జుట్టు లేచి నిలబడేది. నైలాన్ స్కర్టు కాళ్లకు అతుక్కుపోయేది. నాలుగడుగులు వేసి ఆగి లాక్కోవడం, మళ్లీ నాలుగడుగులు. బస్సులో కడ్డీ పట్టుకుంటే చురుక్కుమనేది. వారం రోజులుగా ఆమెకు ఒకచోట కుదురు లేదు.

బట్టలొక్కటే కారణం కాదు. ఆమె పనిచేసేది వినికిడి యంత్రాలు తయారుచేసే చోట. బల్లకు అటుపక్క పెద్దమ్మ కూర్చుని సర్క్యూట్ పలకలకు సన్నని తీగలు అతికేది. పెద్దమ్మంటే ఎవరికీ చుట్టం కాదు. ముప్పై ఏళ్ల సర్వీసు ఆవిణ్ణి అందరికీ పెద్దమ్మను చేసింది. ఆవిడ అతికిన పలకల్ని ఆమె ప్లాస్టిక్ డొల్లల్లో అమర్చేది. ఆ వారం పది యంత్రాల్లో మూడు మూగబోయాయి. సూపర్‌వైజర్ భూతద్దం పెట్టి చూసినా తప్పు దొరకలేదు. పెద్దమ్మకు చూపు మందగించిందని తేల్చేశాడు. సోమవారం నుంచి అట్టపెట్టెలు మడిచే గదికి వెళ్లమన్నాడు. పెద్దమ్మ కళ్లద్దాలు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

ఆదివారం ఆమె స్కర్టూ స్వెట్టరూ తెచ్చి వదిన ముందు పడేసింది. వదిన ఇంట్లో బట్టలు కుడుతుంది. అతుక్కోకుండా ఇనుప హ్యాంగర్‌తో స్కర్టు లోపల పైనుంచి కిందికి నిమిరి చూపించింది. కాళ్లకు కాస్త నూనె రాసుకోమంది, లోపల నూలు లంగా వేసుకోమంది. స్వెట్టర్ని మాత్రం పక్కన పెట్టేసింది.

"నైలాన్ మీద ఇది వేస్తే రెండూ ఒరుసుకుని నిప్పులు కక్కవూ? మీ యంత్రాల దగ్గరికి నిన్నెలా రానిస్తున్నారే?"

"చేతికి పట్టీ ఇస్తారులే వదినా. ఒంటి మీది కరెంటునంతా అది నేలలోకి లాగేస్తుంది. లేకపోతే పైకి కనబడకుండానే లోపలి భాగాలు మాడిపోతాయి."

అనేసి ఆగిపోయింది. దద్దుర్లు లేస్తున్నాయని పది రోజుల కిందటే ఆ పట్టీ విప్పేసింది. ఎవరూ చూడకుండా దాని వైరు కొసను స్వెట్టర్ చేతిలోకి దోపుకుని కూర్చుంటోంది.

ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా వంటింటికీ గుమ్మానికీ మధ్య తిరిగింది. రేపటి నుంచి పట్టీ కట్టుకుంటే యంత్రాలన్నీ పలుకుతాయి, ఎవరికీ తెలియదు. కానీ అప్పుడు అందరూ ఏమంటారు? పెద్దమ్మ వెళ్లిపోయాకే పని బాగుపడిందంటారు.

సోమవారం అందరికంటే ముందు వెళ్లి సూపర్‌వైజర్ ఎదుట నిలబడింది.

"తప్పు నాదండీ. దద్దుర్లని పట్టీ విప్పేశాను. ఆవిడ కళ్లు బాగానే ఉన్నాయి."

అతను వెంటనే నమ్మలేదు. పట్టీ కట్టించి, మధ్యాహ్నం దాకా ఇద్దరిచేతా పని చేయించాడు. నలభై యంత్రాలూ పలికాయి. పెద్దమ్మ కుర్చీ ఉన్నచోటే ఉంది. పట్టీ విప్పిన ఆమెను మాత్రం రెండు నెలలు అట్టపెట్టెల గదికి పంపారు.

సాయంత్రం పెద్దమ్మ ఆ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"వారం రోజులుగా రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఎక్కించి చూసుకున్నాను, తెలుసా? ఎక్కుతూనే ఉంది. అయినా నా కళ్లనే నేను నమ్మలేదు. చెయ్యి మండుతోందని ఒక్కమాట నాతో అనకూడదూ?"

పెద్దమ్మ వెళ్లాక ఆమె, మడిచిన పెట్టెనే విప్పి మళ్లీ మడిచింది.

రెండు నెలలకు తిరిగి బల్ల దగ్గరికి పిలిచారు. పెద్దమ్మ కాస్త జరిగి చోటిచ్చింది.