వెయ్యి అడుగులకు తగ్గకుండా

"రెండు వందల అడుగులు చాలండీ," అన్నాడు దర్శకుడు పృథ్వీరాజ్, చేతిలో పెన్నును టీకప్పు మీదుగా విమానంలా పోనిస్తూ. "జనం తలలు వంచాలి. జుట్లు చెదరాలి."

జూబ్లీహిల్స్‌లో అతని ఆఫీసు కిటికీలోంచి ఫిల్మ్‌నగర్ కొండ కనిపిస్తోంది. మర్నాడు పొద్దున నేను దాని మీదుగా నాలుగు సీట్ల విమానం నడపాలి. కింద, బండరాళ్ళ మధ్య ఖాళీ స్థలంలో మూడు వందల మంది జూనియర్ ఆర్టిస్టులు నన్ను చూసి బెదిరిపోవాలి.

"జనం మీద, ఇళ్ళ మీద వెయ్యి అడుగులకు తగ్గకూడదండీ," అన్నాను. "అదీ నేల నుంచి కాదు. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తయినదాని నుంచి. అక్కడ సెల్ టవర్ ఉంది."

"ఎవరు కొలుస్తారండీ?"

పెన్ను కింద పెట్టాడు. "జాయ్స్ గారూ, మీ నాన్నగారు మన బెన్‌హరే కదా. రేపు ముందు వరసలో నిలబెడతాను. ఆయన ముఖం మీద క్లోజప్. మీరు కిందికి దిగితేనే ఆ ముఖంలో నిజమైన భయం పలుకుతుంది. దిగకపోతే క్లోజప్ లేదు, మీ విమానమూ వద్దు. కంప్యూటర్లో గీయించుకుంటాను."

మా నాన్న ముప్పై ఒక్క ఏళ్ళుగా సినిమాల్లో ఉన్నాడు. పెళ్ళిపందిట్లో, కోర్టులో, బస్టాండులో, ఎప్పుడూ వెనక వరసలో. చిన్నప్పుడు హాల్లో కుర్చీ మీద నిలబడి "అదిగో నాన్న" అని చూపించేదాన్ని. నేను వేలు ఎత్తేలోపు షాటు మారిపోయేది. పక్కసీటు వాళ్ళు నన్ను చూసేవారు, తెరను కాదు. విమానం నడపాలన్న కోరిక నాలో ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే ఆకాశం గురించి ఏదో చెబుతాను. నిజానికి అది ఆ కుర్చీ మీద మొదలైంది. అందరూ తలెత్తి చూసే చోట మా ఇంటి మనిషి ఒకరు ఉండాలనుకున్నాను.

సాయంత్రం మోతీనగర్‌లో ఇంటికి వెళ్ళేసరికి నాన్న చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"రేపు నీకు క్లోజప్ అంట నాన్నా."

ఇస్త్రీపెట్టె ఆగింది. "ఊరికే ఎందుకిస్తాడమ్మా?"

చెప్పాను. రెండు వందల్లో ఇంజన్ ఆగితే కింద ఎవరి మిద్దె ఉంటే దాని మీదే పడతానని, వెయ్యి దాటి ఉంటే దుర్గం చెరువు దాకా జారుకుంటూ పోవచ్చని కూడా చెప్పాను. ఆయన చొక్కా కాలర్ తిప్పి మళ్ళీ రుద్దాడు.

"భయపడటానికి విమానం ఎందుకే? పులిని చూసి ఎన్నిసార్లు పరిగెత్తానో నీకు తెలుసా? ఒక్కసారీ పులి రాలేదు. మమ్మల్ని నడిపించే వీరయ్య కెమెరా వెనక నిలబడి, కర్రకి ఎర్రగుడ్డ కట్టి ఊపేవాడు. అదే పులి, అదే రైలు, అదే దేవుడు. చూపు ఎటు నిలబెట్టాలో ఆ గుడ్డే చెబుతుంది."

"అయితే ఏం చేయమంటావు?"

"మీ రూళ్ళు నాకేం తెలుసమ్మా," అన్నాడు. కానీ ఆ చొక్కాను ఆయన రెండుసార్లు ఇస్త్రీ చేయడం చూశాను. దిగవద్దని ఆయన అనలేదు. దిగమనీ అనలేదు. ఆ మౌనాన్ని రాత్రంతా నాకు అనుకూలంగా అర్థం చేసుకోవాలని చూశాను, కుదరలేదు.

మర్నాడు పొద్దున కొండను రెండుసార్లు దాటడానికి మాకు అనుమతి ఉంది. మొదటిసారి దాటగానే, కింద నుంచి మాట్లాడటానికి ఇచ్చిన సెట్‌లో పృథ్వీరాజ్ గొంతు వినిపించింది. నా ముందున్న మీటర్లను ఒక చిన్న కెమెరా అతని మానిటర్‌కు చూపిస్తోంది.

"వెయ్యి అన్నారు, మూడు వేల రెండు వందలు చూపిస్తోంది. ఇది మోసం కాదా మేడమ్?"

"అది సముద్రం నుంచి లెక్కండీ. కొండే రెండు వేలు, టవర్‌తో ఇంకో రెండు వందలు."

"మాది చీరాల. నాకు సముద్రం గురించి చెబుతారా?"

"చీరాలలో అయితే వెయ్యి అనే చూపిస్తుందండీ."

సెట్‌లో వెనక ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు. "ఇంక ఒక్కసారే ఉంది. దిగండి. మీ నాన్నగారు ముందు వరసలో నిలబడి మిమ్మల్నే చూస్తున్నారు."

టోలిచౌకి వైపు వెళ్ళి మలుపు తిప్పాను. ఎదురుగా మళ్ళీ కొండ. జనం బియ్యపు గింజల్లా ఉన్నారు. అందులో ఏది నాన్నో తెలియడం లేదు. దిగితే తెలుస్తుంది. కంట్రోల్ పట్టుకున్న చేయి తనంతట తానే ముందుకు ఒరిగింది. మూడు వేల మూడు వందల దగ్గరున్న ఎత్తు ముల్లు కిందికి కదిలింది. ఇంకా నియమం లోపలే ఉన్నాను. కానీ ఎటు పోతున్నానో నాకు తెలుస్తోంది.

దీన్ని ధైర్యం అనుకునేదాన్ని. శిక్షణ రోజుల్లో తక్కువ ఎత్తున దూసుకుపోయేవాళ్ళను చూసి అసూయపడ్డాను. ఆ క్షణంలో అది ధైర్యం కాదని స్పష్టంగా కనిపించింది. కుర్చీ మీద నిలబడ్డ పిల్ల ఇంకా దిగలేదు. ఎవరైనా చూడాలని ఇంకా వేలు చూపిస్తూనే ఉంది. దానికి మూడు వందల మంది తలలు పణంగా పెడుతున్నాను. అందులో ఒకటి నాన్నది.

ఎవరు కొలుస్తారని అడిగాడు కదా. నేనే కొలుస్తాను.

చేయి వెనక్కి తీసుకున్నాను. ముల్లు మూడు వేల రెండు వందల యాభై దగ్గర నిలిచింది. "దిగనండీ," అన్నాను. నాన్న క్లోజప్ నా నోటితోనే పోయిందని తెలిసే అన్నాను.

సెట్‌లో తర్వాత వచ్చిన గొంతు పృథ్వీరాజ్‌ది కాదు, జనాన్ని చూసుకునే వీరయ్యది.

"మేడమ్, మీరు గా ఎత్తులనే రండ్రి. ఫికర్ చేయకుండ్రి. మీ నాయిన లైన్ల నుంచి బయటికొచ్చి నా చేతిలోని కర్ర గుంజుకున్నడు. కెమెరా ఎనక నిలబడ్డడు."

"ఎప్పుడు?"

"జర సేపైంది. మీరు మలుపు తిప్పకముందే. డైరెక్టర్ సారు తిడుతుండు. ఈయన ఇంటలేడు."

నేను కొండ మీదుగా సూటిగా, నిశ్చలంగా పోయాను. ముల్లు ఒక్క గీత కూడా కిందికి జారలేదు. అంత హాయిగా విమానం ఎన్నడూ నడపలేదు.

వారం తర్వాత ఫిల్మ్‌నగర్‌లోని ప్రివ్యూ థియేటర్‌కు పిలిచారు. నాన్న వెనక వరసలో కూర్చోబోతుంటే పృథ్వీరాజే చేయి పట్టుకుని ముందుకు తీసుకొచ్చాడు. మొహమాటంగా నావైపు తిరిగాడు. "మేడమ్, వెయ్యి అడుగులని బయట ఎవరికీ చెప్పకండి."

లైట్లు ఆరాయి. కొండ వెనక నుంచి విమానం లేచింది. దూరపు లెన్స్‌తో తీయడం వల్ల అది రెక్క చాచి బండలను రాసుకుంటూ వస్తున్నట్టుంది. అంతలో జనం. మూడు వందల ముఖాలు ఒక్కసారిగా తిరిగాయి. కళ్ళు విచ్చుకున్నాయి. తలలు గాలికి వరిచేనులా ఒకవైపు నుంచి మరోవైపుకు వంగాయి. ఒక ముసలామె చేత్తో నెత్తి కప్పుకుంది. థియేటర్లో నా పక్కనున్న మనిషి నిజంగానే తల దించాడు.

తెర మీద నాన్న ఎక్కడా లేడు. ముందు వరసలో ఆయన నిలబడాల్సిన చోట ఇంకెవరో ఉన్నారు.

"నువ్వు లేవు నాన్నా," అన్నాను మెల్లగా.

"సరిగ్గా చూడవే," అన్నాడాయన. "వాళ్ళందరూ ఎటు చూస్తున్నారు?"

చూశాను. మూడు వందల జతల కళ్ళు తెర అంచుకు అవతల, ఎర్రగుడ్డ కట్టిన కర్ర ఎత్తి పట్టుకున్న ఒకే ఒక్క మనిషిని చూస్తున్నాయి.